మైసమ్మ పేరు మీద బిల్లు

జడ్చర్లలో పైపులు, నల్లాలు అమ్మే అరుణమ్మ కొప్పులో పువ్వు లేని రోజైనా ఉంటుంది గాని, పెన్ను లేని రోజు ఉండదు. కార్బన్ కాగితం నీలం ఆమె బొటనవేలికి పచ్చబొట్టులా అంటుకుపోయింది. కొత్త బిల్లుబుక్కు తెరవగానే మొదటి కాగితానికి పసుపు రాసి, మైసమ్మ తల్లికని ఖాళీగా వదిలేయడం ఆమె అలవాటు. జీఎస్టీ లెక్కలు చూసే విజేందర్ అది చూసి నెత్తి పట్టుకున్నాడు. "అక్కా, నంబర్లు వరుసగ ఉండాలె. గిట్ల ఖాళీ ఇడిస్తే నోటీసొస్తది!"

"తల్లి జాగా తీసెయ్యమంటవా?" అని అరుణమ్మ ఆ పూటంతా గింజుకుంది. మర్నాడు కొత్త బుక్కు తెరిచి, పసుపు రాసి, కొప్పులోని పెన్ను తీసింది. కొన్నవారు: మైసమ్మ తల్లి. చిరునామా: రైలు గేటు పక్క గుడి. సరుకు: ఇత్తడి నల్లా ఒకటి. తారీఖు వేసి, పన్ను కలిపి, సంతకం చేసి, తన సంచిలోని పైసలు గల్లాలో వేసింది. సాయంత్రం వెళ్లి ఆ నల్లాను గుడి ముందు తనే బిగించి వచ్చింది.

ఇప్పుడు ఎవరైనా "బిల్లు వద్దక్కా, జర పన్ను తీసెయ్" అని బతిమాలితే, అరుణమ్మ ఆ పసుపు కాగితం తిప్పి చూపిస్తుంది.

"మైసమ్మ తల్లే కట్టింది. నువ్వేమన్న ఆమెకంటె పెద్దోనివా?"