డ్రమ్ములోంచి పిలిచిన గొంతు

అరసవల్లిలో మా మేడ మీద పడ్డ వాన నీళ్లు గొట్టం గుండా దిగి, పెరట్లో డ్రమ్ము పక్కకు పెట్టిన కంతలోంచి దాని లోపల పడతాయి. మొక్కలకు అవే పోస్తాం.

నిరుడు ఓ మధ్యాహ్నం బాగా మబ్బు పట్టింది. మా అత్త గుడికి వెళ్లిందనుకుని, ఖాళీ డ్రమ్ములో తల దూర్చి అడుగు తోముతున్నాను. లోపల, నా చెవి పక్కనే, ఎవరో మూలిగారు.

"ఒలమ్మీ... వానొస్తన్నాది, బేగి రాయే!"

అచ్చం అత్త గొంతే! డ్రమ్ములో దెయ్యమేదో ఉందనుకున్నాను. డ్రమ్ముకు మూత బిగించి, మీద రాయి పెట్టి, ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకున్నాను.

చినుకులు మొదలయ్యాక కిటికీలోంచి చూస్తే, మేడ మెట్ల దగ్గర అత్త చెప్పులున్నాయి. పైకి పరిగెత్తాను. గొట్టం మూతికి అడ్డుపడ్డ ఆకులు తీయబోయి అత్త జారిపడి, కాలు బెణికి లేవలేక, ఆ గొట్టంలోకే నన్ను పిలుస్తోంది.

"నీకినబడనేదేటే?" అంది.

"నేదత్తా" అన్నాను.

ఆవిడ కాలు నయమైంది. నేను మాత్రం ఇప్పటికీ, ఆ డ్రమ్ముకు మూత పెట్టే ముందు ఒక్కసారి వంగి, చెవి పెట్టి వింటాను.