బ్రేకుకు తిరగమాత

మా ట్రాక్టరును పాత ఇనుముకు వేసేయమని నాకు చెప్పని మనిషి మా ఊళ్లో లేడు. మా అల్లుడైతే ఏకంగా పాత ఇనుము కొనేవాణ్ణే వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి బండి చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని చూశాడు. నాకు ఒళ్లు మండింది. అది మా నాయన కొన్న బండి. నాకు మీసాలు రాకముందు నుంచీ పెనుకొండ పక్కన మా ఎర్రనేలను దున్నుతోంది.

"కాలు తియ్యప్పా. ఇది నీ అంగడి కాదు" అన్నాను. అల్లుడి మొహం మాడిపోయింది. మాడనీ.

వాళ్ల మాటకు కారణం లేకపోలేదు. నిరుడు వేరుశనగ విత్తడానికి పోతూ చెరువు కట్ట దిగుతుంటే బ్రేకు సరిగా పట్టలేదు. ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి ఉండే బ్రేకు పెడళ్లు రెండూ కలిపి తొక్కాను. బండి నిలవకుండా కుడిపక్కకు లాగి కంపచెట్లలో దూరింది. కుడి మడ్‌గార్డు మీద కూర్చున్న నా భార్య కింద పడింది. మణికట్టు విరిగింది. నెలన్నర ఒంటిచేత్తో వంట చేసింది.

మర్నాడు పాలకేంద్రం దగ్గర నలుగురూ ఏమైందని అడిగారు. "ఆమె ఆ పక్క కూచుండాది కదా, బరువుకు బండి ఆ పక్కకే లాగేసింది" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటి నుంచి ఆమె ఆటో ఎక్కబోతే చాలు, "నడిమధ్యన కూచోబెట్టప్పా, ఒరిగిపోతాది" అని ఎగతాళి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ట్రాక్టరు ఎక్కడం మాత్రం మానేసింది. చేనికి మూడు మైళ్లు నడిచే పోయేది. నేను పక్కన బండి ఆపినా తల తిప్పేది కాదు.

చిన్న గేరులో, భయం భయంగా ఆ ఏడు గడిపాను. ఈ ఎండాకాలం క్లచ్చి కూడా చేతులెత్తేసింది. ఇంజను గొంతు చించుకునేది గాని చక్రం కదిలేది కాదు. అప్పుడే అల్లుడు ఆ మనిషిని తెచ్చింది. తొలి వానకు ముందు ఈ బండిని బాగు చేయాలి, నా భార్య మళ్లీ దీని మీద ఎక్కాలి. అదీ నా పంతం.

క్లచ్చి ప్లేటు తీయాలంటే ట్రాక్టరును నడిమికి రెండు ముక్కలు చేయాలి. ఇంజను ఒక పక్క, గేరుపెట్టె ఒక పక్క. పక్కచేను రైతు సాయం వచ్చాడు. జాకీలు పెట్టి, మొద్దులు దోపి, మూడు రోజులు కుస్తీ పట్టాం. బోల్టులు నాకంటే మొండివి. తీరా చూస్తే ప్లేటు రివిట్ల దాకా అరిగిపోయి ఉంది. క్లచ్చి మీద నుంచి కాలు తీయని అలవాటు నాది, దాని తప్పేం లేదు. బ్రేకు డ్రమ్ములు కూడా విప్పి, లోపల ఒరుసుకుని బండిని ఆపే షూలూ, ఆ క్లచ్చి ప్లేటూ గోనెసంచిలో వేసుకుని హిందూపురం పోయాను.

అక్కడ సామాన్ల అంగడాయన ఫోనులో ఎవరినో కన్నడంలో తిట్టి, నా సంచిలోకి తొంగి చూశాడు.

"వీటికి సామాను రాదప్పా. కొత్త బండి తీసుకోకూడదా?"

"నేను కొత్తది అడగలే. లేకుంటే లేదను" అని సంచి భుజాన వేసుకుని ధర్మవరం బస్సెక్కాను.

ధర్మవరంలో మగ్గాల చప్పుడు వినపడే ఒక సందులో ముసలి మెకానిక్కు ఉన్నాడు. పాత షూలకు కొత్త లైనింగు కొట్టి రివిట్లు వేస్తాడు, క్లచ్చి ప్లేటుకూ అంతే. ఆయన ఎడమ బ్రేకు షూ చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇది గేరాయిలు కాదే. శెనక్కాయ నూనె. ఏమప్పా, బ్రేకుకు తిరగమాత ఏసినావా?"

వేసింది నేనే. నిరుడు విత్తనానికి ముందు ఎడమ బ్రేకు కీచుమంటుంటే డ్రమ్ము కన్నంలోంచి గ్లాసెడు నూనె పోశాను. ఎద్దుల బండి ఇరుసు అరిస్తే మా నాయన కందెన పూసేవాడు. తలుపు అరిచినా, బావి గిలక అరిచినా నూనే. అరిచినదానికల్లా నూనె పెట్టడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కీచుమనడం ఆగింది కదా అని ఆరోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఎడమది జారిపాయ. కుడిదొకటే పట్టె. బండి కుడికి లాగక ఏం చేస్తాది?" అన్నాడు ముసలాయన.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను మద్దెలను కూడా అనలేదు, పక్కన కూర్చున్న ఆమెను అన్నాను. బస్సులో తిరిగొస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

డ్రమ్ములు రెండూ జిడ్డు పోయేదాకా కడిగి, కొత్త లైనింగు షూలు బిగించి, ట్రాక్టరు రెండు ముక్కలూ మళ్లీ ఒకటి చేశాం. అదే కట్ట దిగుతూ బ్రేకు తొక్కితే బండి గీత గీసినట్టు తిన్నగా నిలబడింది. ఆ వారమే వాన పడింది.

తెల్లారి పాలకేంద్రం దగ్గర వరసలో ఆమె కూడా క్యానుతో నిలబడి ఉంది. నేను గొంతు పెంచాను.

"అందురూ ఇనండబ్బా. నిరుడు బండి లాగింది ఆమె బరువుకు కాదు. బ్రేకులో నూనె పోసింది నేను."

పాలకేంద్రం ఘొల్లుమంది. "ఆవాలు కూడా ఏసినావా?" అన్నాడొకడు.

"నన్ను చూసి ఎంతైనా నవ్వుకోండి. ఆమెను ఇంకోసారి అంటే మాత్రం ఊరుకోను" అన్నాను.

ఇంటికి వస్తూ దారిలో అన్నాను, "నిజంగా నాకు అప్పుడు తెలీలేదు మే."

"నాకు తెలుసు" అంది ఆమె. "డబ్బాలో నూనె తగ్గితే నాకు తెలీదా? చిన్నప్పుడు మా యన్న సైకిలు చక్రానికి బ్రేకు పట్టేచోట నూనె పూసి ఇట్లే పడినాడు."

"మరి చెప్పకపోతివే?"

"చెయ్యి ఇరిగి నేను పడుంటే, నా వల్లే అని ఊరంతా చెప్పొస్తివి. నేను చెప్పింటే ఇంటావా?"

వినేవాణ్ణి కాదు.

ఇంటికి చేరగానే క్యాను లోపల పెట్టి, విత్తనాల మూట తెచ్చుకుని, తనంతట తానే ట్రాక్టరెక్కి కూర్చుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "బండి మీద నమ్మకం వచ్చిందా?" అన్నాను.

"బండి మింద నాకు ఎప్పుడూ అనుమానం లేదు" అంది.

నేను గేరు వేశాను.