ఏడో గిన్నె

ఆ ప్రయోగశాలలో అక్క కోసేది, చెల్లెలు కడిగేది. తొమ్మిదేళ్లుగా అంతే. ఉద్యోగం ఇప్పించిందీ అక్కే, ఇంట్లో చోటిచ్చిందీ అక్కే. రోజూ తన అన్నం డబ్బాలోంచి పెద్ద ముద్ద తీసి చెల్లెలి మూతలో పెట్టేదీ అక్కే. చెల్లెలు ఇంకేం నోరు తెరుస్తుంది? కిటికీ లేని గదిలో, కుళాయి కింద చేతులు నానుతూనే ఉండేవి.

పనంతా ఎలుకల పళ్ల మీద. తల్లి కడుపులోని పిల్ల దవడ ఆవగింజంత. అందులో పళ్ల మొగ్గలు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి.

"ముందు లేచిన దవడపన్ను వెనకవాటిని ఎదగనివ్వదు," అనేది పరిశోధన నడిపే డాక్టరమ్మ. "ఆ అదుపు సడలిన జాతిలో వెనకపళ్లు పెద్దవవుతాయి. బిగిస్తే మూడోపన్ను అసలే మొలవదు. వేల తరాల మార్పుకి దారి ఇక్కడే పడుతుంది."

ఆవగింజలో ఇంత నేర్పు దాచిన దేవుడికి చెల్లెలు తడిచేతులతోనే దణ్ణం పెట్టుకునేది.

ముందు మొగ్గ నుంచి వెనక భాగాన్ని కోసి విడదీస్తే ఏమవుతుందో చూడాలి. అక్క ఆరు దవడలు కోసి, ఆరు గాజుగిన్నెల్లో పోషకద్రవంలో పెట్టింది. అక్క చూపు మందగించిందని చెల్లెలికి తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది. పారెయ్యమన్న దవడల మీద, విరిగిన బ్లేడుముక్కతో చెల్లెలే మూడు నెలలుగా కొయ్యడం నేర్చుకుంటోంది. ఆ రోజు ఉండబట్టలేక, తను కోసినదాన్ని ఏడో గిన్నెలో పెట్టేసింది. అనుమతి లేనివాళ్లు బ్లేడు ముడితే ఆ పూటే ఇంటికి పంపేస్తారు.

పదోరోజు డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది.

"ఆరింట్లో ముందుపన్ను నుంచి వెనకభాగం పూర్తిగా తెగనేలేదు, వెనకపన్ను అలాగే ముడుచుకుపోయింది. ఈ ఏడోది చూడండి, ఎంత ఎదిగిందో! ఎవరు కోశారిది?"

చెల్లెలు కుళాయి కట్టేసింది. "అది... నే..."

"నేనేనమ్మా," అంది అక్క. "చివర్లో చెయ్యి కుదిరింది."

"చెయ్యంటే అదీ!" అని మెచ్చుకుని డాక్టరమ్మ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అక్క తన డబ్బా అంతా చెల్లెలి మూతలోకి వంచేసింది.

"పిచ్చిమొద్దూ, ఒక్క మాటతో ఉద్యోగం ఊడేది. తర్వాత నిన్నెవరు పనికి పిలుస్తారే?"

"నిజమేలే అక్కా."

"రేపట్నుంచి తలుపేసి నువ్వే కొయ్యి. గిన్నెకి అంటించే చీటీ మీద పేరు మాత్రం నాదే ఉండనీ. నీ మంచికే."

ప్రేమగా పెట్టిన ముద్దే. మెతుకు మిగల్చకుండా తినేసింది. తర్వాత చెల్లెలు లేచి, అక్క పేరు రాసిన ఏడో గిన్నెను చీటీ తడవకుండా పక్కకు జరిపి, మిగతా ఆరూ కడిగింది.