పెనుకొండ అనుకుని దిగాం

పెళ్ళయిన పదకొండో రోజున, పట్టపగలు, ముక్కూమొహం తెలియని ఊళ్ళో కట్టుకున్నదాన్ని వదిలేసి పారిపోయిన మగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే బాధపడకండి. ఇది రాస్తున్నది వాడే.

డెబ్బైల చివరి మాట. మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. నా భార్య సుభద్రది ముదిగుబ్బ దగ్గర రైతు కుటుంబం. రెండు రోజుల్లో పెనుకొండ కోట, హిందూపురంలో మా పెద్దమ్మ ఇల్లు, లేపాక్షి చుట్టి రావాలనుకున్నాం. ఎలా వెళ్ళాలన్న దగ్గరే గొడవ మొదలైంది.

"బస్సుకు పోండి బావా. యాడ కావల్లంటే ఆడ దిగొచ్చు," అన్నాడు సుభద్ర తమ్ముడు ఓబుళేసు.

"ఆ గుంతల్లో మీ అక్క నడుం ఇరుగుతాదప్పా. రైలంటే టయానికి దింపుతాది. నా దగ్గర టైంటేబులు ఉండాది," అన్నాను.

ఆ టైంటేబులు రెండేళ్ళ కిందటిది. పట్టాలు మారనప్పుడు వేళలు మాత్రం ఎందుకు మారతాయని నా లెక్క. అప్పట్లో నా తెలివి అంత ధారాళంగా ఉండేది.

మర్నాడు ప్యాసింజరెక్కాం. కొత్త బెల్‌బాటం ప్యాంటులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా రైలు గొప్పలు చెప్పాను. టైంటేబులు ప్రకారం పెనుకొండ రావలసిన నిమిషానికి బండి ఆగింది. బయట ఒక కొండ కూడా కనిపించింది.

"దిగు దిగు, పెనుకొండ!"

"బోర్డు చూసినావా?"

"గడియారం చూసినా. దిగు!"

దిగాం. బండి వెళ్ళిపోయింది. చప్పుడు పూర్తిగా అణిగాక చుట్టూ చూస్తే ప్లాట్‌ఫారమే లేదు. ఎర్రమట్టి దిబ్బ, దాని మీద ఒక సిమెంటు బోర్డు. రాసిన పేరు ఎండకు పెచ్చులుగా రాలిపోయింది. మేం దిగిన చోటుకు పేరు కూడా మిగల్లేదు.

"కోట యాడ?" అంది సుభద్ర.

"కొండ ఎనకల ఉంటాదిలే," అన్నాను, కొండ వెనక ఇంకో కొండ కనిపిస్తూనే ఉన్నా.

దగ్గరలో ఒక ఊరుంటే అటు నడిచాం. టిఫిన్ క్యారియర్ నా చేతిలో, సంచి ఆమె భుజాన. అది కరువు కాలం. గాలి లేదు, పిట్ట అరుపు లేదు. నడినెత్తిన ఎండకు మా నీడలు కూడా బెదిరినట్టు కాళ్ళ కిందికి చేరాయి. ఊళ్ళో నలభై ఇళ్ళుంటాయేమో, ప్రతి తలుపుకూ తాళం. ఒక గడప ముందు ముగ్గు తాజాగా ఉంది. ఆ ముగ్గు వేసిన మనిషి మాత్రం ఎక్కడా లేదు. అరుగు కింద పడుకున్న కుక్క మమ్మల్ని చూసి మొరగలేదు. మెల్లగా లేచి దారి ఇచ్చి నిలబడింది.

"ఎవురన్నా ఉండారా?" అని కేక వేశాను. గోడల మధ్య తిరిగి తిరిగి నా గొంతు నాకే వినిపించింది. కాస్త ఆలస్యంగా. కాస్త వేరే ఎవరిదో అన్నట్టుగా.

ఊరు దాటి ఒక రాళ్ళగుట్ట దగ్గరికి వచ్చాం. అక్కడ కాళ్ళ కింద 'ఠంగ్' మంది. ఆగింది. మళ్ళీ 'ఠంగ్.' నేల లోపలి నుంచి ఎవరో కొడుతున్నారు. ఆ అదురు నా అరికాళ్ళకు తెలుస్తోంది.

"ఇన్యావా?" అన్నాను.

"ఇన్యా."

అంతలో చప్పుడు ఆగిపోయింది. భూమి లోపల ఎవరో చెవి ఒగ్గి మా అడుగులు వింటున్నట్టు అనిపించింది. తరవాత బొంగురు గొంతొకటి లేచింది.

"వచ్చినావా?"

క్యారియర్‌ను గుండెకు హత్తుకున్నాను. ఆ గొంతే మళ్ళీ లేచింది.

"ఇంగొగడు కావల్ల. దింపు కిందికి!"

ఆ ఇంకొకడు ఎవడో నేను ఆగి విచారించలేదు. పరుగెత్తాను. తుమ్మచెట్లు, కంచెలు, ఎండిన వంక అన్నీ దాటాను. నా వెనకే ఎవరో పటపటా చప్పట్లు కొడుతూ తరుముతున్నారు. అవి నా బెల్‌బాటం అంచులేనని తారురోడ్డు ఎక్కి కూలబడ్డాక గాని తెలియలేదు.

అప్పుడు చూసుకున్నాను. టిఫిన్ క్యారియర్ చేతిలో భద్రంగా ఉంది. సుభద్ర లేదు.

నవ్వండి, ఫరవాలేదు. ఆ క్షణాన నాకు మాత్రం నవ్వు రాలేదు. వెనక్కి పది అడుగులు నడిచాను. చెవుల్లో 'ఠంగ్' మంది. ఆగాను. మళ్ళీ నడిచాను. ఏడ్చానని కూడా ఒప్పుకుంటున్నాను.

అలా ఎంతసేపు తారాడానో తెలియదు. ఒక బస్సు వచ్చి పక్కన ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, నా చేతిలోని క్యారియర్ చూసి, గట్టిగా అడిగాడు:

"ఏమప్పా, పెండ్లాన్ని ఇడ్సిపెట్టి బువ్వ ఎత్తుకోని పారిపోయినోడివి నువ్వేనా?"

బస్సంతా ఘొల్లుమంది. కిటికీ పక్కన సుభద్ర కూర్చుని ఉంది. తల దించుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"రాళ్ళగుట్ట అవతల బాయి ఉండాది. నీళ్ళు పడలేదని ఇంగా లోతుకు తవ్వుతాండారు," అంది. "పైనుండే ఆయప్ప మనిషిని పిల్సకరాను పోయినాడంట. మన అడుగులిని ఆయప్పే అనుకున్యారు. వాళ్ళే నన్ను రోడ్డుకు తెచ్చి బస్సెక్కిచ్చినారు. ఊరోళ్ళంతా చెరువు పనికి పోయినారు. గడ్డపార సప్పుడు తెలీదా నీకు?"

"మగ్గం సప్పుడైతే తెలుసు," అన్నాను. "నువ్వు బయపడలేదా?"

"పడినా. నువ్వు అట్ల పరిగెత్తితే, నాకు కనపడనిది నీకేమన్నా కనపడిందేమో అని."

ఆ బస్సే మమ్మల్ని పెనుకొండలో దింపింది. అక్కణ్ణుంచి హిందూపురానికీ లేపాక్షికీ ఎలా పోవాలని నన్నెవరూ అడగలేదు.

కనుక చదువరులారా, మీ అందరి ఎదుట కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. నేలలోంచి గానీ నింగిలోంచి గానీ ఎవరు పిలిచినా ఇక నేను ఒంటరిగా పరుగెత్తను. సుభద్ర చెయ్యి పట్టుకునే పరుగెత్తుతాను. ఈ మాట ఆమెకూ చదివి వినిపించాను.

"నాకేమిటికి పరుగు?" అంది. "నువ్వే నా చెయ్యి పట్టుకోని నిలబడు."