మాస్టారి పది గంటల పరీక్ష

అట్ట మీద అచ్చయిన మాటను జ్ఞానానందం మాస్టారు జన్మలో ఒక్కసారి కూడా నమ్మలేదు. అగ్గిపెట్టె మీద యాభై పుల్లలని రాసుంటే, ఆయన లెక్క ముగిసేదాకా భార్య కరుణమ్మ పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. ఓసారి నలభై ఆరే తేలితే కంపెనీకి ఉత్తరం రాశారు. వాళ్లు మంచిచేసుకోవడానికి ఒక క్యాలెండరు పంపారు. అందులో ఆదివారాలన్నీ ఉన్నాయో లేదో కూర్చుని సరిచూశారు.

రేపల్లె హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పరీక్షలు పెట్టడానికి పిల్లలు దొరక్క ఇంట్లో సామాన్ల మీద పడ్డారని కరుణమ్మ అభిప్రాయం. ఏది కనబడక అడిగినా ఆయన జవాబు ఒక్కటే: "టెస్టులో ఉంది." వాన వస్తుంటే గొడుగు టెస్టులో ఉండేది. పప్పు ఉడికే వేళకు కుక్కరు టెస్టులో ఉండేది.

తొంభై రెండులో రీఛార్జబుల్ బ్యాటరీలు దిగాయి. తెనాలి వ్యాపారి నరసింహారావు వాటిని నిజాంపట్నం హార్బరుకు తీసుకెళ్లి, "ఒక్క ఛార్జికి పది గంటల రేడియో" అని అట్ట చదివి వినిపించి, బోటుకో సెట్టు అంటగట్టాడు. ఎండుచేపలు అమ్మే కొండమ్మ మాస్టారి గుమ్మంలో బుట్ట దించుతూ ఆ సంగతి చెప్పింది.

"తెల్లారి వేటకెళ్తే మధ్యాన్నానికే రేడియో మూగబోతందండి. సాయంత్రం వాతావరణం కబురు వినబడదు. మొన్న గాలి మీదకొచ్చేదాకా మా అబ్బాయి అంద్రెయకి తెలవనే లేదు. షాపాయన్ని అడిగితే మీకు ఛార్జింగు పెట్టడం చేతకాదన్నాడండి."

చేతకాదన్న మాట దగ్గర మాస్టారు కుర్చీలోంచి లేచారు. సరుకు తక్కువైతే కొన్నవాడిది తప్పా? అందులోనూ ఆ మనిషి నడిసముద్రంలో ఉన్నప్పుడు? అంద్రెయ బ్యాటరీలు నాలుగూ టెస్టుకు తెప్పించుకున్నారు.

ఇక ఇంట్లో రేడియో కట్టేసే ప్రశ్నే లేదు. స్టేషను మూసేసిన వేళ కూడా గరగర వినబడాల్సిందే. వరికి దోమపోటు మందు ఎకరానికి ఎంత కొట్టాలో కరుణమ్మకు కంఠతా వచ్చేసింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే మాస్టారి చంకలోంచి దుగ్గిరాల పసుపు ధరలు వినిపించాయి. కరుణమ్మ గిల్లింది.

"టెస్టులో ఉంది," అన్నారాయన, ఆమెన్‌కు ముందే.

రెండు నెలల్లో ఏ ఒక్కరోజూ బ్యాటరీలు ఆరుంపావు గంటలు దాటలేదు. ఈలోగా ఇంట్లో గోడ గడియారం నాలుగుంపావు దగ్గర ఆగిపోయింది. అలారం మోగదు. పెన్‌టార్చి వెలగదు. అడిగితే అవీ టెస్టులోనే ఉన్నాయి. గడియారాన్ని నమ్మి కరుణమ్మ ఓసారి తెనాలి ప్యాసింజరు అందుకోలేకపోయింది కూడా.

చివరికి మాస్టారు లెక్కల కాగితంతో తెనాలి వెళ్లారు. గొడవవుతుందని కరుణమ్మ వెంట వెళ్లింది.

"మీ రేపల్లె కరెంటులో బలం లేదు మాస్టారూ," అన్నాడు నరసింహారావు నవ్వుతూ.

"అయితే మీ తెనాలి కరెంటుతో, మీ చేత్తోనే ఛార్జింగు పెట్టండి. రేపు పొద్దున వస్తాం."

మర్నాడు తొమ్మిదింటికి షాపు ముందు బల్ల మీద దంపతులు, మధ్యలో రేడియో. జనం పోగయ్యారు. ఒకాయన స్కోరెంతని అడిగాడు. ఇంకొకాయన కాస్త సౌండు తగ్గించమంటే అది నిబంధనలకు విరుద్ధమని మాస్టారు చెప్పారు. పులిహోర డబ్బా ఖాళీ అయింది. మూడూ అయిదుకు, ఎరువుల సలహా చెబుతూ చెబుతూ రేడియో గొంతు సన్నబడి ఆగిపోయింది.

మాస్టారు షాపులోని గడియారం చూపించారు. "గడియారం మీది. కరెంటు మీది. చెయ్యి మీది. చేతకానివాళ్లెవరో ఇప్పుడు చెప్పండి."

"పది గంటలని రాసింది కంపెనీ వాళ్లండి, నేను కాదు."

"చదివి వినిపించింది మీరు. వాళ్లు మీ నోరు నమ్మి సముద్రం మీదికెళ్లారు."

బ్యాటరీలు కొందామని వచ్చినాయన చేతిలో ప్యాకెట్టును మెల్లగా మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. అతని వెనక మరొకడు. అది చూశాక నరసింహారావు దారికొచ్చాడు. హార్బరులో అమ్మిన సెట్లన్నీ వెనక్కి తీసుకుని మామూలు సెల్లులిస్తానని కాగితం రాసిచ్చాడు. ఇచ్చిన పెట్టెల్లో సెల్లులు మాస్టారు లెక్కపెట్టారు. అన్నీ సరిపోయాయి. ఆయన మొహంలో కాస్త నిరాశ కనబడిందని కరుణమ్మ ఇప్పటికీ చెబుతుంది.

వారం తర్వాత కొండమ్మ వచ్చి కొంగుముడి విప్పింది. నాలుగు పాత సెల్లులు.

"మాస్టారివండి. మా బ్యాటరీలు టెస్టుకి తీసుకున్న రోజే ఇవి బోటు రేడియోలో వేసుకోమన్నారు. రేడియో లేకుండా సముద్రంలోకి పోతే ఊరుకోనన్నారు. అమ్మగారికి చెప్పొద్దన్నారు."

కరుణమ్మ లెక్కపెట్టింది. గోడ గడియారంలోది ఒకటి, అలారంలోది ఒకటి, పెన్‌టార్చిలోవి రెండు. వాటిని మళ్లీ కొండమ్మ కొంగున తనే ముడివేసింది.

"ఉంచు. వాయుగుండాల కాలం. బోటులో ఒక సెట్టు ఎక్కువే ఉండాలి."

అప్పుడే మాస్టారు వరండాలోకి వచ్చి, ఏమీ ఎరగనట్టు గోడ వంక చూశారు. "కరుణా, అంతా అయిపోయిందిగా. ఈ గడియారం ఇంకా నడవదేంటి?"

కరుణమ్మ బుట్టలో చేపలు ఏరుకుంటూ తలెత్తలేదు.

"టెస్టులో ఉందండి," అంది.