బావ రంగు పూసిన మేపుల్ బల్ల

పోలీసు చర్యకు ముందు కొన్ని నెలలు సికింద్రాబాదుకు టేకు రావడం ఆగిపోయింది. బన్సీలాల్‌పేట్‌లో మా అక్క భర్త వడ్రంగి దుకాణంలో నేను పనిచేసేవాణ్ణి. సరిగ్గా అప్పుడే మా వీధి చర్చి అయ్యగారు వచ్చి, బైబిలు పెట్టుకుని చదవడానికి నిలువు బల్ల కావాలన్నారు.

"ఇది కుదిరితే కొత్త బెంచీల పనీ మీకేనండీ" అన్నారు. అంటే మాకు ఏడాదిపాటు చేతినిండా పని.

కట్టె తెచ్చింది నేను. ఇంగ్లండుకు వెళ్ళిపోతున్న ఒక బొల్లారం దొర వదిలేసిన బీరువా పలకలవి. దొరల దేశపు మేపుల్ కట్టెలో మెత్తని రకమని ఆయన వంటవాడు చెప్పాడు. గోటితో నొక్కితే గీత పడింది. చిత్రిక పడితే పట్టులాంటి పొట్టు లేచింది. తడికి, చెదలకు ఆగదు గానీ నీడపట్టున ఉండే సామానుకు అంత హాయిగా లొంగే కట్టెను నేను మళ్ళీ చూడలేదు.

బావ చూసి, "ఏందిర బామ్మర్ది, దుకాణానికి ముల్లంగి తెచ్చినవ్?" అన్నాడు. అక్కడ టీ తాగుతున్న ముగ్గురూ నవ్వారు. ఆ ముగ్గురెవరో నాకిప్పటికీ గుర్తే.

వేరే కట్టె దొరక్క చివరికి దాంతోనే బల్ల తయారైంది. జిగురు తుడిచిన తడిగుడ్డ తగిలినచోటల్లా మచ్చలు పడడం గమనించాను. "జెర ఆగు బావా. ముందు తునక మీద రంగు పూసి చూద్దాం" అన్నాను.

"ఇరవై ఏండ్ల సంది పూస్తున్న. నాకు జెప్తున్నవా?" అంటూ ఎప్పటిలాగే టేకు రంగు గుడ్డతో పూసేశాడు.

కట్టె ఒక్కోచోట ఒక్కోలా రంగు పీల్చి, గంటలో బల్లంతా ఒకచోట నలుపు, ఒకచోట ఎరుపు. సాయంత్రం అయ్యగారు చూసి, "దీనికేమైనా జబ్బా అండీ?" అన్నారు.

"కట్టె తెచ్చింది గీయననే" అని బావ నా వైపు వేలు చూపించాడు.

ఆదివారం దాకా గడువిచ్చి అయ్యగారు వెళ్ళిపోయారు. ఆ వారమే పోలీసు చర్య మొదలైంది. వీధిలో జనం లేరు. బావ పక్కింటి రేడియో దగ్గర కూర్చుంటే, నేను తలుపులు మూసుకుని రంగునంతా చిత్రికతో లేపేశాను. మూలల్లో గాజుపెంకుతో గీకాను. గట్టి టేకైతే ఆ కొద్ది రోజులూ సరిపోయేవి కావు. చివరికి రంగు జోలికి పోకుండా, స్పిరిటులో కరిగించిన లక్క మాత్రం పల్చగా పట్టించాను. బల్ల మీగడ రంగుకు తిరిగింది.

గొడవలు సద్దుమణిగాక బల్లను చర్చికి చేర్చాం. అయ్యగారు అరచేత్తో నిమిరి, "ఎవరి పనండీ?" అన్నారు.

"మా దుకాణంల పనే అయ్యగారూ" అన్నాడు బావ.

నేను ఊరుకోలేదు. "రంగు పూసింది ఆయన, తీసింది నేను" అన్నాను. అయ్యగారు నవ్వి, బెంచీల కొలతలు నన్నే తీసుకోమన్నారు. బావ టేపు రెండో కొస పట్టుకున్నాడు.