తొమ్మిది మంది మల్లేశ్‌లు

ఒక్క మధ్యాహ్నంలో, ఎవరి సాయమూ లేకుండా, నేను ఎనిమిది మంది పిల్లలను మాయం చేశాను. పోలీసులు రాలేదు. పైగా మావాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నా మీదికి ఎలా తిరిగొచ్చాయో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి, నేను మాత్రం అప్పుడు నవ్వలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గౌలిపురలో మా ఇల్లు, ఇంటి వెనక బర్రెల కొట్టం, రెండు సందులవతల మేడమీద నా ఆఫీసు. పల్లె బళ్లకు సాయం చేయడానికి మనవాళ్లూ ఘానా దేశం వాళ్లూ కలిసి నడిపే చిన్న సంస్థ అది. రెండు దేశాల బడి లెక్కలూ ఒకే పద్ధతిలో రాసి, అవసరమున్న బడికి ఒక అదనపు టీచర్‌ను పెట్టడం మా పని. బడిలో కనీసం ఇరవై మంది పిల్లలుండాలి, అదే షరతు. లెక్కలు సరిచూసేది నేను. నాకంటే తెలివైన మనిషి చార్మినార్‌కు ఇటువైపు లేదని నా గట్టి నమ్మకం. అటువైపు కూడా అనుమానమే.

ఒకరోజు శ్రీశైలం రోడ్డు వైపు ఊరి బడి ఒకటి నా కంట్లో పడింది. మొత్తం ఇరవై ఆరు మంది పిల్లలు, అందులో తొమ్మిది మంది మల్లేశ్‌లు! అందరి ఇంటిపేరూ ఒకటే. అందరి తండ్రీ మల్లయ్యే. అందరూ పుట్టింది జూన్ ఒకటినే. పుట్టిన సంవత్సరాలు వేరుగా ఉన్నాయి, అవి టైపింగ్ తప్పులని తేల్చేశాను. తరగతులు వేరుగా ఉన్నాయి, అది దొంగ తెలివి అని తేల్చేశాను. తేల్చడంలో నాకు సాటి లేదు.

మర్నాడు పొద్దున బాపు పాలు పిండుతుంటే గొప్పగా చెప్పాను.

"దొంగలెక్క పట్టిన బాపూ! ఒక్క పోరన్నే తొమ్మిదిసార్లు రాసిండ్రు."

"తొమ్మిది మంది ఉన్నరేమో బిడ్డా?"

"అందరికీ ఒక్కటే పేరు ఎట్లుంటది?"

"మన కొట్టంల లచ్చుములు ఎన్ని?"

"మూడు."

"మరి నేను ఒక్కదాన్నే పిండుతున్ననా?"

"బాపూ, గది బర్రెల ముచ్చట. గిది డేటా!"

బాపు నన్ను ఒకసారి, రెండో లచ్చుమిని ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ మధ్యాహ్నం వీడియో మీటింగులో నా ప్రతాపం చూపించాను. ఒక్క మీట నొక్కితే తొమ్మిది మంది మల్లేశ్‌లు ఒక్క మల్లేశ్ అయ్యారు, ఇరవై ఆరు పద్దెనిమిది అయింది. మొఘల్‌పురా నుంచి వచ్చే మా ఫర్హానా మేడమ్ "క్యా కామ్ కరే రేణుకా!" అని భుజం తట్టింది. ఘానా వైపు అధికారి కోఫీ గారు చప్పట్లు కొట్టి, ఇంకా ముందుకు వెళ్లి, వచ్చే సోమవారం నా పద్ధతినే తమ పల్లె బళ్లన్నిటికీ వాడతామన్నారు. నా తెలివి సముద్రాలు దాటబోతోంది! ఆ ఊరి బడికి మాత్రం, అదనపు టీచర్‌ను తీసేస్తున్నామని ఉత్తరం వెళ్లింది.

శుక్రవారం మళ్లీ మీటింగు. కోఫీ గారు తెర మీద ఉండగానే మెట్ల మీద ధడధడమని చప్పుడైంది. చెమటలు కక్కుతున్న ఒక పెద్దమనిషి, ఆయన వెనక బడి బట్టల్లో పిల్లల వరస. చాంద్రాయణగుట్టలో బస్సు దిగి, రెండు ఆటోల్లో వచ్చారట.

"రేణుక మేడమ్ ఎవలు?"

"నేనే సార్."

"నేను హెడ్మాస్టర్ సత్తయ్యను. మా పోరగాండ్లను మాయం జేసింది నువ్వేనామ్మా? మల్లేశ్!"

"ఎస్ సార్!" అని తొమ్మిది గొంతులు ఒక్కసారే లేచాయి. ఫర్హానా మేడమ్ చేతిలో చాయ్ ఒలికింది.

"సార్, పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టినరోజు, అన్నీ ఒక్కటే ఉంటే..."

"ఊరంత మా పాలోల్లే, ఒక్కటే ఇంటిపేరు. మల్లన్నకు మొక్కుకుంటె పుట్టిన పోరగాండ్లు, ఆయన పేరే పెడ్తరు. ఆల్ల అయ్యలు పుట్టినప్పుడూ గంతే. పుట్టిన దినం ఎవలికీ యాదుండదు, నేనే జూన్ ఒకటి అని రాస్త. గీ దేశంల నేనొక్కన్నే రాస్తున్ననా?"

"మరి మీరెట్ల గుర్తుపడ్తరు?"

"గిదేం ఫికరమ్మా? వీడు పొడుగు మల్లేశ్, వీడు బోరింగ్‌కాడి మల్లేశ్, వీడు పండ్ల మల్లేశ్."

పళ్లు ఎత్తుగా ఉన్న ఆ పండ్ల మల్లేశ్, అందరిలోకీ చిన్నవాడు, నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"మేడమ్, నన్ను తీసేసిండ్రా? ఇగ బడికి రావొద్దా? స్వరూప టీచర్ గూడ రాదంట గదా."

నిజంగా సిగ్గుపడ్డాను. మేం పెట్టిన ఆ స్వరూప టీచర్ వెళ్లిపోతే ఐదు తరగతులకూ సత్తయ్య సార్ ఒక్కరే దిక్కు, అది నా చేతి చలవే.

అంతలో తెర మీది కోఫీ గారు ఏమైందని అడిగారు. మేడమ్ వివరించింది. ఆయన కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు.

"రేణుక గారూ, మా వైపు శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ. మా బడిలో మేం ఆరుగురు కోఫీలం. మీ పద్ధతి అప్పుడే ఉంటే ఈ కుర్చీలో నేను ఉండేవాణ్ణి కాదు. మీకు చప్పట్లు కొట్టినవాణ్ణి, ఆ మాట నాకైనా తట్టలేదు చూడండి. సోమవారం పని ఆపేయిస్తాను, లేకపోతే మా దేశంలో సగం బళ్లు ఖాళీ!"

ఆ సాయంత్రానికే స్వరూప టీచర్ ఉద్యోగం తిరిగొచ్చింది. రెండు దేశాల ఫారాల్లోనూ ఒక కొత్త గడి చేరింది: ఊళ్లో ఏమని పిలుస్తారు? నా జీవితంలో నేను చేసిన అంతర్జాతీయ సేవ ఆ ఒక్క గడే. పండ్ల మల్లేశ్ తన గడిని తానే నింపి, కింద గీత కూడా గీశాడు.

ఇంటికెళ్లి బాపుకు జరిగిందంతా చెప్పాను. ఆయన పాల క్యాను కడుగుతూ, తల కూడా ఎత్తకుండా, "మరి మన లచ్చుములను ఉంచుతున్నవా, తీసేస్తున్నవా?" అని అడిగాడు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. పిల్లవాడి మొహం చూడకుండా ఇంకెప్పుడూ పేరు కొట్టేయను. దీనికి మా లచ్చుమే సాక్షి. ఏ లచ్చుమి అంటారా? ముగ్గురూ వచ్చి చెబుతారు.